సున్నం వేయని మూరెడు గోడ

క్రీ.శ. 70లో రోమన్ సైన్యం యెరూషలేము దేవాలయాన్ని తగలబెట్టింది. బలిపీఠం పోయింది. యాజకుల సేవ పోయింది. ఏటా మూడు పండుగలకు ఊళ్లకు ఊళ్లు కదిలి వచ్చే యాత్ర ఆగిపోయింది. ఆ తర్వాత చాలామంది ఇక మాంసం ముట్టమని, ద్రాక్షారసం తాగమని ఒట్టు పెట్టుకున్నారని యూదుల ధర్మచర్చల గ్రంథం తల్మూదు చెబుతుంది. రబ్బీ యెహోషువ వాళ్ల దగ్గరికి వెళ్లి ఎందుకని అడిగాడు. పీఠం మీద అర్పించే మాంసం, పీఠం మీద పోసే ద్రాక్షారసం ఇప్పుడు మా గొంతు దిగుతాయా అన్నారు వాళ్లు. అలాగైతే రొట్టె కూడా మానాలి, పిండి నైవేద్యాలూ ఆగిపోయాయి కదా అన్నాడాయన. పళ్లు తిని బతుకుతామన్నారు. ప్రథమ ఫలాలు తీసుకెళ్లేదీ అక్కడికే కదా అన్నాడు. వేరే రకం పళ్లు తింటామన్నారు. మరి నీళ్ల సంగతేమిటి, పండుగలో నీళ్లు కూడా పీఠం మీద ధారపోసేవాళ్లమే అన్నాడు. దానికి వాళ్ల దగ్గర జవాబు లేదు.

అప్పుడాయన దారి చూపించాడు. బొత్తిగా దుఃఖపడకుండా ఉండటం మనవల్ల కాదు, మితిమీరి దుఃఖపడటమూ మనవల్ల కాదు. కాబట్టి ఇల్లు కట్టుకోండి, గోడలకు సున్నం వేసుకోండి, గుమ్మానికి ఎదురుగా ఒక్క మూరెడు చదరం మాత్రం సున్నం లేకుండా వదిలేయండి. విందు చేసుకోండి, ఒక వంటకం తగ్గించండి. నగలు పెట్టుకోండి, ఒకటి తీసి పక్కన పెట్టండి.

ఈ మాట అన్న మనిషి ఎవరో తెలిస్తే దాని బరువు తెలుస్తుంది. యెహోషువ లేవీ వంశస్థుడు, కాలిపోయిన ఆ దేవాలయంలోనే గాయకుల వరుసలో నిలబడ్డవాడు. ముట్టడి రోజుల్లో తన గురువును శవపేటికలో పడుకోబెట్టి, చనిపోయాడని కాపలావాళ్లను నమ్మించి, కోటగోడల బయటికి మోసుకొచ్చిన ఇద్దరు శిష్యుల్లో ఒకడు. తర్వాత బొగ్గులు కాల్చో, కొలిమి పెట్టుకునో బతికాడు. ఆయన ఇంటి గోడలు మసిబారి ఉండేవని తల్మూదులో ఇంకోచోట ఉంది. తను పాడిన చోటు బూడిదైపోయాక, మసిగోడల మధ్య బతుకుతూ, సున్నం వేసుకోండి అని చెప్పగలిగాడాయన.

మార్పు మీద పడ్డప్పుడు కాళ్లు నిలదొక్కుకోవడం ఎలాగన్న ప్రశ్నకు యూదు సంప్రదాయం ఇచ్చే జవాబంతా నాకు ఆ మూరెడు గోడలో కనిపిస్తుంది. పోయినదాన్ని మరిచిపొమ్మని అది అనదు. ఇల్లంతా దుఃఖానికి రాసివ్వమనీ అనదు. ఎంత, ఎక్కడ, ఎప్పటిదాకా అని కొలిచి చేతికిస్తుంది. మూరెడు గోడ, ఏడు రోజులు, ముప్ఫై రోజులు, పదిమంది మనుషులు, రోజుకో పుట. అంతులేని కష్టంలో ఉన్నవాడికి ముందుగా కావలసింది చేయడానికి వీలైనంత చిన్న పని. ఆ పని కొలత తెలిస్తే మనిషి లేచి దానికి పూనుకోగలడు. ఈ కొలతలు ఎలా పుట్టాయో, ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడం మతంతో నిమిత్తం లేకుండా అందరికీ అవసరమని నమ్మి ఇది రాస్తున్నాను.

శవపేటికలో బయటపడ్డ ఆ గురువు రబ్బన్ యోహనాన్ బెన్ జక్కాయ్. ఆయన రోమన్ సేనాని వెస్పాసియన్ ముందు నిలబడ్డాడని, త్వరలో చక్రవర్తి కాబోతున్న ఆ సేనాని ఏదైనా కోరుకొమ్మన్నాడని కథ. ఆయన కోరినవి మూడు. సముద్రతీరానికి దగ్గరున్న యవ్నే అనే చిన్న పట్నాన్ని, అందులోని పండితులను విడిచిపెట్టాలి. రబ్బన్ గమలీయేలు వంశాన్ని బతకనివ్వాలి. యెరూషలేము నాశనం కాకూడదని ఏళ్ల తరబడి ఉపవాసం ఉండి శల్యమైపోయిన రబ్బీ సాదోకుకు ఒక వైద్యుణ్ణి పంపాలి. యెరూషలేమునే అడగవలసింది కదా అని తర్వాతి తరం పండితులు ఆయన్ను తప్పుపట్టారు. అంత అడిగితే ఆ కొంచెం కూడా దక్కేది కాదేమోనని జవాబూ చెప్పారు. చరిత్రకారులు ఈ కథను అక్షరాలా తీసుకోరు. కానీ ఒక జాతి తన పునర్జన్మ కథలో రాజ్యాన్ని, సైన్యాన్ని కాకుండా ఒక బడినీ ఒక ముసలాయనకు వైద్యాన్నీ అడిగినట్టు చెప్పుకోవడం నన్ను కదిలిస్తుంది.

యవ్నేలోనూ, దాని తర్వాత వచ్చిన విద్యాపీఠాల్లోనూ జరిగిన పని తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. ఒక కట్టడంలో ఉన్నదంతా విడదీసి ఇంటింటికీ పంచారు. రోజువారీ బలుల వేళలను ప్రార్థన వేళలతో ముడిపెట్టారు. బలిపీఠం లేనప్పుడు మనిషి భోజనం బల్లే పీఠమన్నారు. పీఠం మీద అర్పణలకు ఉప్పు వేసేవాళ్లు కాబట్టి, నేటికీ యూదుల ఇళ్లలో భోజనానికి ముందు రొట్టె ముక్కను ఉప్పులో అద్దుకుంటారు. క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీ యెహూదా హనాసి ఈ ధర్మాలన్నిటినీ మిష్నాగా కూర్చాడు. ఆరు విభాగాలు, 63 ప్రకరణాలు. అందులో ఒక విభాగం దాదాపు పూర్తిగా బలుల గురించి, దేవాలయ సేవ గురించి. అప్పటికి దేవాలయం లేక నూరేళ్లు దాటింది. లేని గుడి గదుల కొలతలు, ఎవరూ చేయని సేవల క్రమం అంత శ్రద్ధగా ఎందుకు రాసుకున్నారు? పుస్తకంలో కూడా వాళ్లు ఒక మూరెడు గోడ వదులుకున్నారని నేననుకుంటాను.

ఇక వారానికి వస్తాను. తల్మూదులో ఒక ప్రశ్న ఉంది. ఎడారిలో దారి తప్పినవాడు రోజుల లెక్క మరిచిపోయాడు. ఏ రోజు విశ్రాంతి దినమో వాడికి తెలియదు. ఏం చేయాలి? రబ్బీ హూనా ఆరు రోజులు లెక్కపెట్టి ఏడోది పాటించమన్నాడు. హియ్యా బర్ రవ్ ముందు ఒక రోజు పాటించి తర్వాత ఆరు లెక్కపెట్టమన్నాడు. ఒకాయనది సృష్టి లెక్క, లోకం ఆరు రోజులు తయారై ఏడో రోజు ఆగింది. ఇంకొకాయనది ఆదాము లెక్క, ఆదాము పుట్టిన మర్నాడే విశ్రాంతి దినం. వాదం ఎటు తేలినా ఒక విషయంలో ఇద్దరికీ తేడా లేదు. దారి తెలియనివాడు, వేళ తెలియనివాడు, పక్కన మనిషి లేనివాడు కూడా వారాన్ని తన చేతులతో మళ్లీ మొదలుపెట్టగలడు. వాడు సరైన రోజునే పాటించాడా అన్నది తేలే దారి లేదు. ఏడు రోజుల్లో ఒకటి వేరుగా ఉండటమే ముఖ్యమైంది.

ఆ ఒక్క రోజు వేరుగా ఉండటానికి ఏర్పాటు చాలా గట్టిది. సబ్బాతు అనే ఆ విశ్రాంతి దినం శుక్రవారం పొద్దుగూకే ముందు మొదలై శనివారం చీకటిపడి నక్షత్రాలు కనిపించేదాకా నడుస్తుంది, సుమారు 25 గంటలు. చాలా ఊళ్లలో సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు ఇంటి ఇల్లాలు దీపాలు వెలిగిస్తుంది. ఆ తర్వాత నిప్పు రాజేయడం లేదు, ఆర్పడం లేదు. మిష్నా నలభైకి ఒకటి తక్కువగా, అంటే 39 రకాల పనులను నిషేధించింది. ఎడారిలో ప్రత్యక్ష గుడారం కట్టడానికి అవసరమైన పనులే అవన్నీ. దున్నడం, విత్తడం, కోయడం, నూర్చడం, నేయడం, ముడివేయడం, ముడి విప్పడం, రాయడం, రాసింది చెరపడం, కట్టడం, కూల్చడం. నిష్ఠగలవాళ్లు డబ్బు ముట్టరు, బండి నడపరు, స్విచ్ వేయరు, ఫోన్ తీయరు. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఇవన్నీ పక్కకు తప్పుకుంటాయి. ప్రాణం కాపాడటానికి సబ్బాతును మీరడం ధర్మం.

ఈ జాబితాలో జంటలను గమనించాలి. రాయకూడదు, చెరపకూడదు. కట్టకూడదు, కూల్చకూడదు. వెలిగించకూడదు, ఆర్పకూడదు. ఆ ఒక్క రోజు లోకాన్ని బాగుచేసే ప్రయత్నమూ లేదు, పాడుచేసే ప్రయత్నమూ లేదు. ఉన్నది ఉన్నట్టు వదిలేయాలి. పనులన్నీ అయిపోయినట్టే భావించమని పెద్దలు చెప్పారు. అయిపోవని వాళ్లకూ తెలుసు. ఉద్యోగం ఊడుతుందా, ఊరు మారాలా, పిల్లవాడి జ్వరం తగ్గుతుందా అన్న బెంగలతోనే మనిషి శుక్రవారం సాయంత్రంలోకి అడుగుపెడతాడు. అయితే మామూలు రోజుల ప్రార్థనలో ఆరోగ్యం, సంపాదన లాంటి కోరికలతో ఉండే మధ్య భాగం, మొత్తం 13 విన్నపాలు, సబ్బాతు ప్రార్థనలో తీసేస్తారు. వాటి చోట ఆ రోజు పవిత్రతను చెప్పే ఒకే ఒక భాగం ఉంటుంది. దేవుణ్ణి కూడా ఏమీ అడగని రోజు అది. అడగటం మానేసరికి లేమిని లెక్కపెట్టుకోవడం కూడా కొంచెం ఆగుతుంది. సబ్బాతు పద్ధతుల్లో నాకు అన్నిటికంటే సూక్ష్మంగా కనిపించేది ఇదే.

తిండి సంగతి కూడా చెప్పాలి. బల్లమీద రెండు రొట్టెలు ఉంటాయి. ఎడారిలో శుక్రవారంనాడు మన్నా అనే ఆహారం రెండింతలు కురిసిందన్న కథకు గుర్తు అవి. తల్లిదండ్రులు పిల్లల తలమీద చేతులుంచి దీవిస్తారు. శనివారం మధ్యాహ్నపు భోజనం ముందురోజే పొయ్యిమీద పెట్టేసి ఉంటుంది, రాత్రంతా సన్నసెగ మీద ఉడుకుతుంది. చీకటిపడ్డాక ద్రాక్షారసం, సుగంధ ద్రవ్యాలు, పేనిన వత్తుల కొవ్వొత్తితో వీడ్కోలు. ఆ వెలుగులో చేతివేళ్లు చూసుకుంటారు. సుగంధ ద్రవ్యాలు దేనికంటే, సబ్బాతునాడు మనిషికి తోడుగా వచ్చిన రెండో ఆత్మ వెళ్లిపోతోంది, ఆ దిగులుకు ఉపశమనంగా. సంతోషం వెళ్లిపోయే క్షణానికి కూడా ఒక మర్యాద ఏర్పరచి పెట్టారు.

ఈ ఒక్క రోజు ఒక జాతిని ఎంత గట్టిగా పట్టి ఉంచగలదో చూడాలంటే మన దేశంలోనే చూడవచ్చు. కొంకణ తీరంలో అలీబాగ్ చుట్టుపక్కల ఊళ్లలో బెనె ఇజ్రాయెల్ అనే యూదులు ఉండేవాళ్లు. తమ పూర్వీకుల ఓడ నవ్‌గావ్ దగ్గర మునిగిపోయిందని, ఏడు జంటలు మాత్రం ఒడ్డుకు చేరాయని వాళ్ల నమ్మకం. పుస్తకాలు లేవు, గురువులు లేరు, హెబ్రూ భాష మరుగునపడింది. మరాఠీ మాట్లాడుతూ, గానుగ ఆడించుకుంటూ తరతరాలు బతికారు. దేవుడొక్కడే అని చాటే షెమా ప్రార్థన, సున్నతి, ఆహార నియమాలు కొన్ని, శనివారం గానుగ ఆపడం మిగిలాయి. ఇరుగుపొరుగువారు వాళ్లను శనివారపు తేలీలు, అంటే శనివారం ఆగే గానుగవాళ్లు, అని పిలిచారు. ఎవరని అడిగితే ఏం చెప్పాలో వాళ్లకే పూర్తిగా తెలియని కాలంలో, ఆగిపోయిన గానుగ వాళ్లెవరో చెప్పింది. 1796లో బొంబాయిలో శామ్యూల్ దివేకర్ వాళ్లకు మొదటి ప్రార్థనామందిరం కట్టించాడు. వాళ్లకు మలీదా అని ఒక వేడుక ఉంది. అటుకులు, కొబ్బరి, బెల్లం, పళ్లు పళ్లెంలో పెట్టి ప్రవక్త ఏలీయాను తలుచుకుంటారు. పెళ్లి ముందు, ప్రయాణం ముందు, గండం గడిచాక చేస్తారు. కొంకణ నేల పంటతో, ఆ నేల మీద దొరికిన తిండితోనే వాళ్లు తమ ప్రవక్తను పిలుచుకున్నారు. మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలోనూ బెనె ఎఫ్రాయిం అని చెప్పుకునే తెలుగు కుటుంబాలు గత కొన్ని దశాబ్దాలుగా తమ మందిరంలో సబ్బాతు పాటిస్తున్నాయి. వాళ్ల వంశమూలాల మీద పండితుల్లో చర్చ ఉన్నది. వాళ్ల పట్టుదల మీద మాత్రం ఎవరికీ అనుమానం అక్కర్లేదు.

మార్పుల్లోకెల్లా పెద్ద మార్పు మన మనిషి పోవడం. ఇక్కడ యూదు సంప్రదాయం కొలిచి ఇచ్చినంత జాగ్రత్తగా ఇంకెక్కడా కొలవలేదు. ఖననం అయ్యేదాకా ఆప్తులకు ప్రార్థన లాంటి విధులేవీ ఉండవు, చనిపోయినవారిని సాగనంపడమే వాళ్ల పని. ఒంటిమీది వస్త్రాన్ని చింపుకుంటారు. దుఃఖానికి చేతులతో చేసే రూపం అది. తిరిగొచ్చాక మొదటి భోజనం సొంత ఇంటిది కాకూడదు, ఇరుగుపొరుగు తేవాలి. ఉడికించిన గుడ్లు, పప్పుధాన్యాలు, గుండ్రని పదార్థాలు పెడతారు. తర్వాత ఏడు రోజులు షివా. తక్కువ ఎత్తు పీటల మీద కూర్చుంటారు, తోలు చెప్పులు వేసుకోరు, గడ్డం గీసుకోరు, ఇంట్లో అద్దాలమీద గుడ్డ కప్పుతారు. తలుపు తీసే ఉంటుంది.

పరామర్శకు వచ్చేవాళ్లకు ఒక నియమం ఉంది, దాన్ని ప్రపంచమంతా నేర్చుకుంటే బాగుండునని నాకనిపిస్తుంది. దుఃఖంలో ఉన్నవాళ్లు నోరు విప్పేదాకా వచ్చినవాళ్లు మాట్లాడకూడదు. యోబు స్నేహితులు ఏడు రోజులు అతని పక్కన నేలమీద మౌనంగా కూర్చున్నారన్న కథే దీనికి ఆధారం. ఆ స్నేహితులు నోరు తెరిచాకే తప్పులు మొదలయ్యాయి. ఏం చెప్పి ఓదార్చాలన్న తడబాటు ఈ నియమంతో పోతుంది. వెళ్లేముందు అనవలసిన మాట కూడా ముందే ఏర్పరిచి ఉంది. యెరూషలేము కోసం దుఃఖించే మిగతావాళ్లందరి మధ్య నీకూ ఓదార్పు దొరకాలని దాని భావం. తల్లి పోయిన కొడుకును ఆ ఒక్క మాట రెండువేల ఏళ్ల దుఃఖం పక్కన, తనలాంటి అనేకుల మధ్య కూర్చోబెడుతుంది.

ఏడు రోజుల మధ్యలో సబ్బాతు వస్తే బయటికి కనిపించే శోకచిహ్నాలు ఆ ఒక్క రోజు తీసేస్తారు. అంత దుఃఖం కూడా వారానికి దారి ఇవ్వాలి. ఏడో రోజు పొద్దున లేచి, చాలామంది ఇల్లు వదిలి వీధి చుట్టూ ఒకసారి నడిచి వస్తారు. ముప్ఫై రోజులదాకా కొన్ని నియమాలు. తల్లి గానీ తండ్రి గానీ పోతే పదకొండు నెలలపాటు రోజూ కద్దిష్ చదవాలి. ఏటేటా హెబ్రూ తిథిని బట్టి స్మరణ. వాళ్ల పంచాంగమూ చాంద్రమాన నెలలను సౌర సంవత్సరంతో సర్దేదే, 19 ఏళ్లలో ఏడు అధిక మాసాలు వస్తాయి. అందుకే ఇంగ్లీషు తేదీతో పని లేకుండా తద్దినం తిథి చూసుకునే తెలుగువాళ్లకు ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది.

కద్దిష్‌లో చావు ప్రస్తావన లేదు. దేవుని నామం గొప్పదగు గాక అని అరమాయిక్ భాషలో సాగే స్తుతి అది. దాన్ని ఒంటరిగా చదవడానికి వీల్లేదు, పదిమంది ఉండాలి. ఇందులో ఉన్న ఉపాయం చూడండి. గదిలో ముడుచుకోవాలనిపించే మనిషిని ఈ నియమం రోజూ పదిమంది మధ్యకు నడిపిస్తుంది. ఆ పదిమందిలో ఒకరికి ఆ రోజు బద్ధకంగా ఉన్నా, తను వెళ్లకపోతే ఎవరో తమ తండ్రి కోసం కద్దిష్ చదవలేరని లేచి వస్తారు. 2020లో కరోనా వల్ల మందిరాలు మూతపడ్డప్పుడు ఇజ్రాయెల్‌లో జనం బాల్కనీల్లోంచి, పెరడుల్లోంచి ఒకరికొకరు వినిపించేలా నిలబడి ఆ పదిమంది లెక్క పూర్తిచేశారు. ఈ గడువులకు మించి ఏడవాలనుకునేవాళ్లకు పెద్దలు ఇచ్చిన జవాబు కొంచెం కటువుగా ఉంటుంది. మూడు రోజులు కన్నీళ్లకు, ఏడు రోజులు సంతాపానికి, ముప్ఫై రోజులు అలంకారాలు మానడానికి. ఆపైన, పోయినవాడి మీద నాకంటే మీకే ఎక్కువ జాలా అని దేవుడు అడుగుతాడట. నిజానికి దుఃఖం ముప్ఫై రోజుల్లో తీరదు, వాళ్లకూ తెలుసు. తీరకపోయినా మనిషి మళ్లీ సంతలోకి, పొలంలోకి, పెళ్లిళ్లలోకి ఎప్పుడు వెళ్లవచ్చో చెప్పడం వాళ్ల ఉద్దేశం. వెళ్లినందుకు ఎవరూ వేలెత్తి చూపకుండా అది కాపాడుతుంది.

పోగొట్టుకున్నప్పటి కొలతలు ఇవైతే, నిండుగా ఉన్నప్పటివి వేరు. మన భాద్రపద, ఆశ్వయుజ పౌర్ణముల్లో ఒకదాని దగ్గర పర్ణశాలల పండుగ వస్తుంది. పంట ఇంటికి చేరే కాలం అది. సరిగ్గా అప్పుడు ఇల్లు వదిలి ఏడు రోజులు పందిట్లో ఉండమంటుంది ధర్మం. పైకప్పు కోసిన కొమ్మలతో, ఆకులతో వేయాలి. ఎండకంటే నీడ ఎక్కువ ఉండాలి, అయినా సందుల్లోంచి నక్షత్రాలు కనిపించడం మంచిది. వాన వచ్చి గిన్నెలో కూర పాడయ్యేంత కురిస్తే లోపలికి వెళ్లిపోవచ్చు. గాదె నిండిన వారంలోనే ఇల్లు శాశ్వతం కాదని ఒంటికి తెలియజేయడం దీని పని. తర్వాత ఎప్పుడో నిజంగానే ఇల్లు వదలవలసి వస్తే, శరీరానికి అది బొత్తిగా కొత్త కాదు. ఏటా ఒకసారి ఆడుకున్నదే.

రబ్బీ అకీవా ఓసారి ఓడ ప్రయాణంలో ఈ పండుగ వస్తే ఓడ ముందుభాగంలో పందిరి వేసుకున్నాడు. తెల్లారేసరికి గాలికి అది కొట్టుకుపోయింది. అకీవా, నీ పందిరేది అని పక్కనున్న రబ్బన్ గమలీయేలు అడిగాడు. సముద్రపు గాలికి నిలవలేనిది అసలు పందిరే కాదని గమలీయేలు మతం. నేలమీద వీచే మామూలు గాలికి నిలిస్తే చాలు, అది పందిరేనని అకీవా మతం. ధర్మం అకీవా పక్షాన నిలిచింది. మనం కట్టుకునేవి తుఫానుకు కూడా నిలవాలని పట్టుబడితే ఎప్పటికీ ఏదీ కట్టం. మామూలు గాలికి సరిపడా కట్టుకుంటే, పోయినప్పుడు మళ్లీ కొమ్మలు ఏరుకోవచ్చు.

లోపలి సాధనలు కూడా ఉన్నాయి, కానీ ఈ సంప్రదాయంలో అవి బయటి ఆచారం మీద ఆనుకునే పెరిగాయి. బ్రెస్లవ్ శాఖకు మూలపురుషుడైన రబ్బీ నహ్మాన్ (1772–1810) రోజూ ఒక గంట ఒంటరిగా, సొంత ఇంటి భాషలో దేవుడితో మాట్లాడమన్నాడు. మాట రాకపోతే ఒకే ఒక్క పిలుపు పదేపదే పలకమన్నాడు. 1808లో మెనాహెం మెండెల్ లెఫిన్ రాసిన ఆత్మపరీక్ష గ్రంథం 13 గుణాలను వారానికొకటి చొప్పున ఏడాదిలో నాలుగుసార్లు సాధన చేయమంటుంది. అందులో మొదటిది మనసు చెదరకపోవడం. పోలండులో పియసెచ్నో గురువు కలోనిమస్ కల్మన్ షపిరా ముందుగా ఆలోచనల ప్రవాహాన్ని జోక్యం చేసుకోకుండా చూడమని, అది నెమ్మదించాక ఒక్క పవిత్రవాక్యం మీద మనసు నిలపమని శిష్యులకు నేర్పాడు. ఆయన వార్సా ఘెట్టోలో కూడా వారంవారం ప్రసంగాలు చేస్తూ వచ్చాడు. 1943లో నాజీలు ఆయన్ను చంపారు. పాలడబ్బాలో భూమిలో పాతిపెట్టిన ఆ ప్రసంగాల కాగితాలు యుద్ధం తర్వాత దొరికాయి. ఆ పరిస్థితుల్లో ఆ వారపు పాఠం వదలకపోవడం అంటే ఏమిటో నా ఊహకు అందదు.

ఇవన్నీ చదివినవాళ్లు శనివారం ఫోన్ ఆపేస్తే సబ్బాతు అయిపోతుందనుకోవచ్చు. ఫోన్ ఆపడం మంచిదే. కానీ సబ్బాతు బలం పక్కింటివాళ్లు కూడా ఆపడంలో ఉంది. ఆ రోజు ఎవరూ మీకు ఫోన్ చేయరు, ఎవరూ మీ జవాబు కోసం చూడరు, భోజనానికి ఎవరో ఒకరు వస్తారు. షివా బలం ఇరుగుపొరుగు వండి తేవడంలో ఉంది. వీటిలో ఒక ముక్క తెంపి జేబులో వేసుకుంటే దొరికేది తక్కువ. అలాగే ఈ కొలతలు అందరికీ సమానంగా పంచిపెట్టలేదన్నదీ నిజం. సనాతన మందిరాల్లో పదిమంది లెక్కలోకి నేటికీ మగవాళ్లే వస్తారు. తల్లి కోసం కద్దిష్ చదవాలనుకున్న ఎందరో కూతుళ్లు ఈ గడప దగ్గర ఆగిపోయారు. అమెరికాలోని కన్సర్వేటివ్ శాఖ 1973లో స్త్రీలను లెక్కలో చేర్చుకోవడానికి అనుమతించింది. నిలకడనిచ్చే సంప్రదాయం తనే ఎక్కడ మారాలో గుర్తించడం కూడా ఈ విద్యలో భాగమే, అది ఇంకా పూర్తికాలేదు.

చివరగా పుట గురించి. 1520 నుంచి 1523 మధ్య వెనిస్‌లో డేనియల్ బోంబెర్గ్ అనే క్రైస్తవ ముద్రాపకుడు తల్మూదును పూర్తిగా అచ్చువేశాడు. మధ్యలో మూలం, చుట్టూ వ్యాఖ్యానాలు. ఆ పుటల సంఖ్యలే నేటికీ చెల్లుతున్నాయి. ఏ దేశంలో అచ్చయిన ప్రతి తెరిచినా అదే పుటలో అదే వాక్యం ఉంటుంది. 1553లో రోమ్‌లో ఆ పుస్తకాలను రాశులుపోసి కాల్చారు. 1948లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో, నాజీల శిబిరాల నుంచి బతికి బయటపడ్డవాళ్లు అమెరికా సైన్యం సాయంతో 19 సంపుటాలుగా మళ్లీ అచ్చువేయించారు. రాజ్యాలు మారినా, ఊళ్లు మారినా పుట మారలేదు.

ఆ పుటను ఒంటరిగా చదవరు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని వాదించుకుంటూ చదువుతారు. రబ్బీ యోహనాన్ అనే మహాపండితుడి సహాధ్యాయి రేష్ లకీష్ చనిపోతే, ఆయన్ను ఊరడించడానికి ఇంకో పండితుణ్ణి పంపారు. ఆ వచ్చినవాడు యోహనాన్ ఏం చెప్పినా, అవును, దీనికి ఫలానాచోట ఆధారం ఉంది అంటూ వచ్చాడు. రేష్ లకీష్ అయితే నేను ఒకటంటే 24 అభ్యంతరాలు లేవదీసేవాడు, నువ్వు నన్ను సమర్థిస్తే నాకేం లాభం అని యోహనాన్ విలపించాడు. తలూపేవాడితో ఆయనకు ఊరట దొరకలేదు. కాలికింద నేల గట్టిదో కాదో ఎదురు అడిగేవాడి తోడుతోనే తేలుతుందని ఆయన అనుభవం.

1923లో వియన్నాలో జరిగిన ఒక మహాసభలో రబ్బీ మేయిర్ షపిరా ఒక ప్రతిపాదన చేశాడు. ప్రపంచంలోని యూదులంతా రోజుకొక్క పత్రం చొప్పున, ఒకే రోజు ఒకే పత్రం చదవాలి. మొత్తం 2711 పత్రాలు, సుమారు ఏడున్నరేళ్లు. ఓడలో వెళ్లేవాడు న్యూయార్క్‌లో దిగినా, తను పోలండులో వదిలిన పుట తర్వాతి పుటే అక్కడివాళ్లు చదువుతూ కనిపిస్తారని ఆయన ఊహించాడు. పద్దెనిమిదేళ్లు తిరగకుండానే ఆ పోలండు యూదులు ఘెట్టోల గోడల వెనక ఉన్నారు. చదువు మాత్రం ఆగలేదు. పద్నాలుగో ఆవృత్తి 2020 జనవరి 5న మొదలైంది. మార్చిలో లోకమంతా తలుపులు వేసుకున్నప్పుడు వాళ్లు సబ్బాతు ప్రకరణంలో ఉన్నారు. మే నెల మధ్యలో, ఇవాళ మంగళవారమో బుధవారమో కూడా ఎవరికీ గుర్తుండని రోజుల్లో, రోజుల లెక్క మరిచిపోయిన ఎడారి బాటసారి పుట వచ్చింది. దాన్ని ఎవరూ ఎంచి పెట్టలేదు, వరుసలో అది వచ్చే రోజు అదే. వేలమంది ఇళ్లలో బందీలుగా కూర్చుని, ఫోన్లలోనూ తెరలమీదా ఆరు ముందా ఒకటి ముందా అని వాదించుకున్నారు.

ఒక ప్రకరణం పూర్తయినప్పుడు చదివినవాళ్లు ఆ ప్రకరణాన్నే ఉద్దేశించి మళ్లీ నీ దగ్గరికి వస్తామని మాటిచ్చి, విందు చేసుకుంటారు. ఇప్పటి ఆవృత్తి 2027 జూన్ 7న ముగుస్తుంది. జూన్ 8న మొదటి పత్రం. సాయంకాలపు షెమా ఏ వేళ నుంచి చదవవచ్చు అన్న ప్రశ్నతో అది మొదలవుతుంది.